చీనీ పూతకు పెట్టె వదిలి లేచిపోతున్న తేనెటీగలు: ఆపేదెట్లా?

చీనీతోట (గార్లదిన్నె, అనంతపురం జిల్లా):
అన్నలూ, మూడెకరాల చీనీ (బత్తాయి) తోటలో 5 పెట్టెలు పెట్టుకున్నా. అన్నీ పుట్టల్లో, తొర్రల్లో ఉండే మన నాటు ఈగలే. పోయినేడు తోటకు నీళ్లు ఆపి మళ్లీ కట్టినాక పూత విరగబూసింది. వారం తిరగకుండానే ఒక పెట్టెలో సగం ఈగలు లేచి చింతకొమ్మకు గడ్డకట్టుకున్నాయి. నిచ్చెన తెచ్చేలోపల అక్కడా లేవు. మా నాయన "వచ్చినదోవనే పోయినాయిలేరా" అన్నాడు, నాకైతే రెండు రాత్రులు నిద్ర పట్టలే. ఈసారీ పూత మొదలైంది. నిన్న మూత తీస్తే ఒక ఫ్రేము అడుగంచున బుడ్డల మాదిరి ఆరేడు రాణి అరలు (కొత్త రాణిని పెంచే గూళ్లు) వేలాడుతున్నాయి. కొన ఇంకా మూసుకోలే. గిల్లి పారేస్తే చాలునా?

కానుగనీడ (ఆదోని):
గిల్లేది సులభమే తమ్ముడూ. నేనూ రెండేళ్లు అదే పని చేసినా, వారానికి మళ్లీ కట్టేవి. లోపల ఇరుకైతే రాణికి గుడ్డు పెట్టను అర దొరకదు, అందుకే ఈ తిప్పలు. పైన తేనె గది వేసినావా? కింద పిల్లలు పెరిగే గదిలోనే తేనె నింపుకొని కూర్చుంటే ఎన్ని గిల్లినా దండగ.

అర మూసుకోలేదంటే పాత రాణి ఇంకా పెట్టెలోనే ఉంటుంది. గుడ్డు పడిన 8 రోజులకు అటుఇటుగా అరకు మూత పడుతుంది, ఆ వెంటనే పాత రాణి గుంపును తీసుకొని పోతుంది. పూతకాలంలో వారం దాటకుండా పెట్టె చూడమనేది ఇందుకే.

ఇప్పుడైతే అవి పోకముందే గుంపును నువ్వే రెండుగా చీల్చు. రాణి ఉన్న ఫ్రేమును ఇంకో రెండు పిల్లల ఫ్రేములతో ఖాళీ పెట్టెలోకి మార్చు. పాతదాంట్లో మంచి అర ఒక్కటి ఉంచి తక్కినవి గిల్లు. రెండుమూడు ఉంచితే కొత్త రాణులూ చిన్న గుంపులు కట్టుకొని పోతాయి. అర ఉన్న ఫ్రేమును మాత్రం విదిలించొద్దు. ఈగలు రాలాలని ఒకసారి జాడించి లోపలి రాణిని చంపుకున్నోణ్ణి.

ఎర్రనేల (పులివెందుల):
చీలిస్తే ఈ పూతకు తేనె తగ్గుతుంది, అది కూడా చెప్పాల కదన్నా. ఇంకోటి, మిగతా పెట్టెల్లో ఫ్రేము నడిమధ్యన ఒకటో రెండో అరలుంటే తొందరపడి గిల్లొద్దు. అది లేచిపోయే లెక్క కాకపోవచ్చు, ముసలి రాణిని మార్చుకుంటుంటాయి.

చీనీతోట:
తేనె గది వేయలేదన్నా, తప్పు నాదే. పొద్దున గంటసేపు వెతికినా రాణి కనపడలే. మామూలు అరల అడుగున సూదుల మాదిరి గుడ్లు నిలబడి ఉన్నాయి.

కానుగనీడ:
నిలబడిన గుడ్డంటే నిన్నో ఈరోజో పెట్టింది. ఉంది, పోలేదు. పొగ తగ్గించు, నాటు ఈగ పొగకు బెదిరి ఫ్రేమంతా పరిగెత్తుతుంది, రాణి చిక్కదు.

చీనీతోట:
దొరికిందన్నా! చివరి ఫ్రేము వెనక దాక్కోనింది. మా నాయనే చూసినాడు, నేను కాదు. కొత్త పెట్టెకు చక్కెర పాకం పెట్టినా, స్టాండు కాళ్ల కింద చీమలకని నీళ్ల గిన్నెలు కూడా ఆయనే తెచ్చిపెట్టినాడు.