అప్‌డేట్: బాక్స్‌ఎన్ వ్యాగన్లు ఇప్పుడు పట్టా తప్పడం లేదు

పోయిన నెల అడిగాను కదా, నా హెచ్‌ఓ (అసలులో 87వ వంతు సైజు) మోడల్ రైలు బాక్స్‌ఎన్ వ్యాగన్లు, అంటే బొగ్గు మోసే పైకప్పు లేని గూడ్సు పెట్టెలు, వెనక్కి నెడితే పాయింట్ల దగ్గర (ఒక పట్టా రెండుగా చీలే చోట) పట్టా తప్పుతున్నాయి, పైగా కొత్త ప్లాస్టిక్‌లా మెరుస్తున్నాయి అని. రెండూ తీరాయి.

'ముందు తూచి చూడు' అన్న అన్నయ్యకు దండం. ఎన్‌ఎమ్‌ఆర్‌ఏ (అమెరికాలోని మోడల్ రైళ్ల సంఘం) లెక్క ప్రకారం వ్యాగన్ బరువు మొదట ఒక ఔన్సు, ఆపైన పొడవులో అంగుళానికి అర ఔన్సు. 1:87లో ఈ వ్యాగన్ సుమారు 123 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 97 గ్రాములుండాలి. నాది 58! కిందున్న రెండు చక్రాల చట్రాల (బోగీల) మీదా బరువు సమంగా పడేలా అడుగున ఇనుప నట్లు పరిచి అంటించాను. వాటి మీద మా వీధి ఇస్త్రీ బండి బొగ్గు దంచి, జల్లించి పోశాను. నీళ్ల ఫెవికాల్‌లో చుక్క గిన్నెల సబ్బు కలిపితేనే లోపలికి ఇంకింది, లేకపోతే పైనే బొట్లుగా నిలిచిపోతోంది.

చక్రాలు కూడా లోహపువి వేశాను.

మ్యాట్ వార్నిష్ మాత్రం వాన సాయంత్రం కొట్టొద్దు. చెన్నై తేమకి ఒక వ్యాగన్ తెల్లగా మంచు పట్టినట్టయింది, మళ్లీ రంగేయాల్సి వచ్చింది. తుప్పు కోసం కొరుక్కుపేట దగ్గర నిజం వ్యాగన్లు చూశాను. అంతటా ఒకే ఎరుపు ఉండదు, దెబ్బలు తగిలిన చోటే ముదురు. చాక్‌పొడి అక్కడక్కడే అద్దాను.

నిన్న పన్నెండు వ్యాగన్లు వెనక్కి నెట్టాను. ఒక్కటీ దిగలేదు.