స్విఫ్ట్ కాపీ వచ్చింది, డబ్బు రాలేదు: ఎవరిని, ఏమని అడగాలి?

మిర్చి_లెక్కలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక చిన్న సంస్థలో నేను పద్దులు చూస్తాను. మలేసియాలోని మా కొనుగోలుదారు ఒక కంటెయినరుకు అడ్వాన్సుగా 18,400 డాలర్లు పంపామని చెప్పి, పోయిన వారం స్విఫ్ట్ కాపీ వాట్సాప్‌లో పెట్టారు. ఇప్పటికి ఆరు పనిదినాలు గడిచాయి. మా శాఖలో అడిగితే "మా దగ్గరికి ఏమీ రాలేదు, పంపినవాళ్లను కనుక్కోండి" అంటున్నారు. వాళ్లను అడిగితే "మా ఖాతాలోంచి అదే రోజు పోయింది, మీ బ్యాంకునే అడగండి" అంటున్నారు. కోల్డ్ స్టోరేజీ నుంచి సరుకు తీయించాలా వద్దా అని మా యజమాని గంటకొకసారి నా బల్ల దగ్గరికి వస్తున్నారు.

ఇంతకుముందు వచ్చే కాపీల మీద ఎం.టి.103 అని ఉండేది. 32ఎ గడిలో మొత్తం, 59లో మా పేరు చూసుకునేవాణ్ణి. ఈసారి పైన పాక్స్.008 అని ఉంది, అడ్డగీతలతో ఒక పొడవాటి సంఖ్య కూడా ఉంది. ఇది అసలు కాపీయేనా? ఆ సంఖ్యతో కొరియర్ పార్సిల్‌ను చూసుకున్నట్లు డబ్బు ఎక్కడుందో నేనే చూసుకోవచ్చా? మరొక సందేహం: పోయినసారి 12,000 డాలర్లు పంపితే 11,972 మాత్రమే జమ అయ్యాయి. ఆ 28 డాలర్లు ఎవరు తీసుకున్నారు?

పాత_ఫారెక్స్_కౌంటర్

మిర్చి లెక్కలు గారూ, బ్యాంకులో విదేశీ మారకం విభాగంలో చాలా ఏళ్లు పనిచేసి విరమించినవాణ్ణి కనుక తెలిసినంత చెబుతాను.

స్విఫ్ట్ కాపీ అంటే డబ్బు కాదు, డబ్బు చెల్లించమని ఒక బ్యాంకు మరొక బ్యాంకుకు రాసిన ఉత్తరం. 1973లో బెల్జియంలో ఏర్పడిన స్విఫ్ట్ అనే సహకార సంస్థ ఆ ఉత్తరాలను భద్రంగా చేరవేస్తుందే తప్ప, ఒక్క డాలరు కూడా దాని చేతుల మీదుగా పోదు. డబ్బు కదిలేది ఖాతాల్లో. మీ బ్యాంకుకు న్యూయార్క్‌లోని ఏదో ఒక బ్యాంకులో డాలర్ల ఖాతా ఉంటుంది. దాన్నే మేము నాస్ట్రో అనేవాళ్లం. కౌలాలంపూర్ బ్యాంకు తన న్యూయార్క్ బ్యాంకుకు చెబితే, ఆ బ్యాంకు మీ బ్యాంకు నాస్ట్రోలో జమ చేస్తుంది. అది సరిచూసుకున్నాక మీ బ్యాంకు ఇక్కడ మీకు రూపాయల్లో ఇస్తుంది. మలేసియా నుంచి గుంటూరుకు వచ్చే సొమ్ము అమెరికా చుట్టి రావడం వింతగా తోచవచ్చు గానీ, డాలర్లలో బేరం కుదుర్చుకుంటే దారి సాధారణంగా అదే.

మీ శాఖ వాళ్లు అబద్ధం చెప్పి ఉండరు. విదేశాల నుంచి వచ్చే చెల్లింపులను చాలా బ్యాంకులు ఇప్పుడు ఒక కేంద్ర విభాగంలో చూస్తున్నాయి, శాఖ తెరమీద కనిపించేది జమ అయ్యాకే. కనుక కౌంటరు దగ్గర నోటిమాటగా అడగకుండా, ఆ పొడవాటి సంఖ్య, తేదీ, మొత్తం రాసి ఆ విభాగానికి ఈమెయిల్ పంపమని శాఖాధికారిని కోరండి.

సందేశాల_మేస్త్రి

నేను హైదరాబాదులో బ్యాంకు చెల్లింపుల సాఫ్ట్‌వేర్ మీద పనిచేస్తాను. కాపీ రూపం మారిందని అనుమానపడనవసరం లేదు. బ్యాంకుల మధ్య సరిహద్దు దాటే చెల్లింపు ఆదేశాలకు పాత ఎం.టి. రూపం వాడుక 2025 నవంబరు 22తో ముగిసింది, ఐ.ఎస్.ఓ. 20022 ప్రమాణంలోని పాక్స్.008 ఇప్పుడు ఎం.టి.103 స్థానంలో ఉంది. పాతదానిలో పేరు, చిరునామా అన్నీ 35 అక్షరాల వరుసలు నాలుగింటిలో కుక్కవలసి వచ్చేది. కొత్తదానిలో ఊరికి, దేశానికి, పిన్‌కోడుకు వేరువేరు గడులు ఉన్నాయి.

ఆ పొడవాటి సంఖ్యను యు.ఇ.టి.ఆర్. అంటారు. అడ్డగీతలతో కలిపి 36 అక్షరాలు ఉంటుంది. చెల్లింపు జాడ తెలిసేలా 2017లో స్విఫ్ట్ మొదలుపెట్టిన జి.పి.ఐ. సేవతో అది వాడుకలోకి వచ్చింది, 2018 నవంబరు నుంచి జి.పి.ఐ.లో చేరని బ్యాంకులు కూడా చెల్లింపు సందేశాల్లో దాన్ని ఇవ్వడం తప్పనిసరి అయింది. అంతకుముందు ప్రతి బ్యాంకూ తన సొంత రిఫరెన్సు నంబరు వేసుకునేది కనుక, మూడు బ్యాంకులు దాటిన చెల్లింపును వెతకాలంటే మూడు నంబర్లు కావాలి, ఒకరి నంబరు మరొకరికి తెలియదు. ఇప్పుడు మొదటి బ్యాంకు వేసిన సంఖ్యే చివరిదాకా మారకుండా వస్తుంది.

చిన్న చిట్కా ఒకటి: ఆ సంఖ్యలో మూడో గుంపు ఎప్పుడూ 4తో మొదలవుతుంది. మొదలుకాకపోతే అది ఎవరో కంప్యూటరు ముందు కూర్చుని కల్పించిన కాపీ అనుకోవచ్చు. 4 ఉన్నంత మాత్రాన అసలైనదని మాత్రం కాదు. మీ బ్యాంకు ట్రాకరులో, అంటే చెల్లింపు ఎక్కడిదాకా వచ్చిందో బ్యాంకులకు చూపే స్విఫ్ట్ తెరలో, కనబడితేనే నమ్మండి, సరుకు అప్పుడే కదిలించండి.

ట్రాకరు బ్యాంకులకే గానీ మనకు నేరుగా అందుబాటులో ఉండదు. కొన్ని బ్యాంకులు తమ నెట్ బ్యాంకింగులో స్థితి చూపిస్తాయి. కొనుగోలుదారును ఊరికే "పంపారా?" అని అడగకుండా, "ట్రాకరులో తాజా స్థితి, దాని పక్కన ఉన్న కోడు మీ బ్యాంకు నుంచి తెచ్చి ఇవ్వండి" అని అడగండి. జి000 అంటే తరువాతి బ్యాంకుకు పంపేశారని. జి004 అంటే సందేశం ముందుగా వచ్చింది, దాని వెనుక రావలసిన డబ్బు ఇంకా రాలేదని. జి003 అంటే డబ్బు అందుకోవలసినవారి నుంచి పత్రాల కోసం ఎదురుచూస్తున్నారని. ఎ.సి.సి.సి. అని ఉంటే జమ అయిపోయినట్లే.

మిర్చి_లెక్కలు

ఇద్దరికీ ధన్యవాదాలు. మూడో గుంపు 4తోనే మొదలైంది. కొనుగోలుదారు ఈ ఉదయం వాళ్ల బ్యాంకు తెరను ఫొటో తీసి పంపారు. అందులో మా బ్యాంకు పేరు ఎదురుగా "ఎ.సి.ఎస్.పి., జి003" అని ఉంది, తేదీ చూస్తే నాలుగు రోజుల కిందటిది! మమ్మల్ని ఏ పత్రాలూ ఎవరూ అడగలేదు.

పాత_ఫారెక్స్_కౌంటర్

ఎ.సి.ఎస్.పి. అంటే చెల్లింపు ఇంకా నడుస్తోందని. అయితే డబ్బు మీ బ్యాంకు దాకా వచ్చి, మీ కాగితాల కోసమే ఆగింది. అడిగిన ఈమెయిల్ ఏ పాత చిరునామాకో పోయి ఉండవచ్చు. మామూలుగా అడిగేది ప్రొఫార్మా ఇన్వాయిసు (సరుకు పంపకముందు ఇచ్చే బిల్లు), డబ్బు దేనికి వచ్చిందో తెలిపే పర్పస్ కోడు. సరుకుకు అడ్వాన్సు అయితే పి0103. కానీ మీరు పాత ఖాతాదారులు కనుక ఆ ఒక్కదానికే ఆపారంటే నాకు నమ్మకం కుదరడం లేదు. కాపీలో పంపినవారి పేరు, మీ ఇన్వాయిసులో కొనుగోలుదారు పేరు అక్షరం అక్షరం పోల్చి చూడండి.

మిర్చి_లెక్కలు

మీరు చెప్పినదే నిజమైంది. ఇన్వాయిసు ఒక సంస్థ పేరున ఉంది, డబ్బు వాళ్ల అనుబంధ సంస్థ ఖాతా నుంచి వచ్చింది. నేను మొత్తం, తేదీ చూశాను గానీ పంపినవారి పేరు చూడనే లేదు. ఆ రెండు సంస్థల సంబంధం తెలుపుతూ కొనుగోలుదారు లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం, ఒప్పందం, ప్రొఫార్మా కలిపి నిన్న పంపాము. ఈ మధ్యాహ్నం జమ అయింది, కాకపోతే 18,385 డాలర్లకే.

సందేశాల_మేస్త్రి

ఆ 15 డాలర్లకూ, వెనుకటి 28 డాలర్లకూ జవాబు కాపీలోనే ఉంటుంది. ఖర్చులు ఎవరివి అన్న గడిలో ఎస్.హెచ్.ఎ.ఆర్. అని ఉంటే, పంపినవారు తమ బ్యాంకు రుసుము మాత్రమే కడతారు, దారిలోని బ్యాంకులు తమ వంతు అసలులోంచే కోసుకుంటాయి. ఎవరెంత కోశారో ట్రాకరులో నమోదు అవుతుంది కనుక మీ బ్యాంకును అడగవచ్చు. ఖర్చులన్నీ పంపేవారివే కావాలంటే డి.ఇ.బి.టి. అని ఉండాలి, పాత కాపీల్లో దీన్నే ఓ.యు.ఆర్. అనేవారు. ఆ మాట ప్రొఫార్మాలో ముందే రాయాలి, డబ్బు బయలుదేరాక మార్చడానికి వీలుండదు.

పాత_ఫారెక్స్_కౌంటర్

చెల్లించేది అనుబంధ సంస్థ అని, ఎగుమతికి కస్టమ్స్‌లో దాఖలు చేసే షిప్పింగ్ బిల్లులో కూడా చూపించమని మీ కస్టమ్స్ ఏజెంటుకు ఇప్పుడే చెప్పండి. లేకపోతే ఈ సొమ్మును ఆ బిల్లుకు సర్దేటప్పుడు ఇదే పేచీ మళ్లీ వస్తుంది.

మిర్చి_లెక్కలు

చెప్పాను. ప్రొఫార్మా నమూనాలో ఖర్చుల వాక్యం, చెల్లించే సంస్థ పేరుకు ఒక గడి చేర్చాను. రేపు తెల్లవారుజామున లోడింగు.