గాట్లు బాగానే ఉన్నాయి, అయినా ట్రైలర్ టైర్లు మార్చాలా?

ఫ్రిస్కో, కొత్త సభ్యుడు:
అందరికీ నమస్కారం. నేను అమెరికా వచ్చి రెండేళ్లయింది. పోయిన నెల పాత ట్రావెల్ ట్రైలర్ (ట్రక్కు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు) ఒకటి కొన్నాను. 26 అడుగులు, రెండు యాక్సిళ్లు, నాలుగు టైర్లు. డిసెంబరులో అమ్మానాన్నలను బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి తీసుకెళ్లాలని ఉంది. టైర్ల గాట్లు కొత్తవాటిలాగే ఉన్నాయి. అమ్మినాయన కూడా బండి పెద్దగా తిరగలేదన్నాడు. కానీ టైరు పక్క గోడ మీద సన్నటి పగుళ్లు కనిపిస్తున్నాయి, ఒకదానికి వారానికోసారి గాలి దిగిపోతోంది. ఆ ఒక్కటీ మారిస్తే సరిపోతుందా? కారు టైర్లు చవకగా దొరుకుతున్నాయి, అవి వేయొచ్చా?

ఆస్టిన్:
తమ్ముడూ, గాట్ల సంగతి పక్కన పెట్టు. కారు టైరు అరిగి పాడవుతుంది, ట్రైలర్ టైరు నిలబడే పాడవుతుంది. ఏడాదిలో పది నెలలు ఎండలో ఒకే చోట బరువు మోస్తూ ఉంటుంది, రబ్బరు లోపల్లోపలే ఎండిపోతుంది. నువ్వు చూడాల్సింది తేదీ. టైరు మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే వరుస ఉంటుంది. దాని చివరి నాలుగు అంకెలు 2218 అయితే 2018లో 22వ వారంలో తయారైందని అర్థం. బయటివైపు ఆ అంకెలు లేకపోతే లేవనుకోకు. పూర్తి వరుస ఒక పక్కనే వేస్తారు. టార్చి పట్టుకుని ట్రైలర్ కిందకి దూరాల్సిందే. ఐదారేళ్లు దాటితే నేనైతే ఆలోచించకుండా మార్చేస్తాను. పగుళ్లు కూడా ఉన్నాయంటున్నావు కాబట్టి నాలుగూ ఒకేసారి మార్చు.

కారు టైర్లు వద్దు. ట్రైలర్‌కి ఎస్‌టీ (స్పెషల్ ట్రైలర్) అని రాసి ఉన్నవి వేయాలి. రెండు యాక్సిళ్ల బండిని ఇరుకు మలుపులో తిప్పేటప్పుడు పక్కన నిలబడి చూడు. టైరు దొర్లదు, నేల మీద అడ్డంగా ఈడ్చుకుపోతుంది, పక్క గోడ మెలిపెట్టినట్టు వంగుతుంది. కారు టైరుది మెత్తటి గోడ, దానికి ఆగదు. పైగా కారు టైరు మీద రాసిన బరువును ట్రైలర్‌కి వాడేటప్పుడు 1.1తో భాగించి లెక్కవేయాలి.

శాన్ ఆంటోనియో:
బాబూ, టైర్ల గురించి అన్నగారు చెప్పారు. నువ్వు అడగనిది నేను చెబుతాను. బయల్దేరే ముందు మీ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ (దారిలో బండి ఆగిపోతే సాయం పంపే సర్వీసు) కాగితాలు తీసి, అందులో ట్రైలర్ ఉందో లేదో చూడు. కారు అని ఉంటే కారుకే.

2021 జులైలో గ్రాండ్ కాన్యన్ బయల్దేరాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తయ్య. ఐ-10 హైవే మీద ఓజోనా ఊరు దాటాక స్పీడ్ లిమిట్ గంటకి 80 మైళ్లు. నేను 72లో వెళుతున్నాను. అద్దంలో నల్లటి తోలు ముక్క లాంటిది గాల్లోకి లేవడం కనిపించింది, ఆ వెంటనే దడదడమని చప్పుడు. కుడివైపు వెనక టైరు. గాట్లున్న పైపొర మొత్తం ఊడి, రిమ్ముతో పాటు తిరుగుతూ కొరడాలా కొట్టింది. చక్రం మీది రేకు చీలింది, నేల కింది ప్లాస్టిక్ చిరిగింది, సింకు నీళ్ల పైపు విరిగింది, బ్రేకు వైరు తెగింది. ఆ టైర్లకి ఆరేళ్లు. గాట్లు నీవాటిలాగే కొత్తగా ఉండేవి. పక్క గోడ మీద గరిష్ఠ వేగం గుర్తేమీ లేదు. అలాంటి పాత ఎస్‌టీ టైర్లు గంటకి 65 మైళ్ల వేగానికే తయారుచేసినవని నాకు తర్వాత తెలిసింది.

రోడ్‌సైడ్ వాళ్లకి ఫోన్ చేస్తే మొదటి అమ్మాయి వస్తున్నారంది. గంట తర్వాత చేస్తే కొత్త మనిషి, కథంతా మళ్లీ మొదటి నుంచి. మూడోసారి తీరిగ్గా చెప్పారు, మీ కవరేజీ ట్రక్కుకే, వెనక కట్టినదానికి కాదని. చుట్టూ చెట్టు లేదు. అత్తయ్య ట్రైలర్ నీడలో మడత కుర్చీలో కూర్చుంది, మొహం కందిపోయింది. నా దగ్గర స్పేర్ ఉంది, కానీ ట్రక్కు స్పానర్ ట్రైలర్ నట్లకి పట్టలేదు. ఎప్పుడూ విప్పి చూడలేదు, అందుకే తెలియలేదు.

చివరికి ఓ పంజాబీ లారీ డ్రైవరు ఆపాడు. హిందీలో మాట్లాడాడు. జాకీ అక్కర్లేదని రెండు చెక్కలు తెచ్చి, అదే వైపున్న మంచి టైరు ముందు ఒకదానిమీద ఒకటి పేర్చి, బండిని మెల్లగా దానిపైకి ఎక్కించమన్నాడు. పోయిన టైరు నేల నుంచి లేచి గాల్లో వేలాడింది. నట్లు ముందే కొంచెం వదులు చేసుకున్నాం. ఇరవై నిమిషాల్లో స్పేర్ ఎక్కింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు, అత్తయ్య పులిహోర డబ్బా ఇస్తే తీసుకున్నాడు.

తర్వాత ఇన్సూరెన్సు ఆఫీసుతో ఆరు వారాలు. టైరు అరుగుదల కిందికి వస్తుంది, ఇవ్వం అన్నారు. నేల కింద జరిగిన నష్టానికి మాత్రం, అక్కడే రోడ్డు పక్కన తీసిన ఫొటోలు చూపించాక ఇచ్చారు. ఫొటోలు తీసింది మా అబ్బాయి. నాకు ఆ టెన్షన్‌లో తోచనేలేదు.

షార్లెట్:
శాన్ ఆంటోనియో అన్నయ్యగారూ, చదువుతుంటే గుండె దడదడలాడింది. తమ్ముడికి నా మాట. కొత్త టైర్లు వేయించిన రోజు షాపువాళ్లు ఎంత గట్టిగా బిగించినా, నట్లు మళ్లీ నువ్వే చూసుకోవాలి. 10 మైళ్లు నడిపాక ఓసారి, 25 దగ్గర ఓసారి, 50 దగ్గర ఓసారి. ఎంత గట్టిగా బిగించామో కొలిచే టార్క్ రెంచి కొనుక్కో. గుండ్రంగా వరసగా బిగించకు, ఒకటి బిగించాక ఎదుటిది పట్టుకో. మాకు మొదటిసారి 25 మైళ్ల దగ్గర రెండు నట్లు పావు చుట్టు తిరిగాయి.

హ్యూస్టన్:
నిబంధన కూడా తెలుసుకోవాలి. టెక్సస్‌లో 7,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి ఏటా ఇన్‌స్పెక్షన్ తప్పనిసరి. టైర్లు బాగాలేకపోతే అక్కడే ఆపేస్తారు.

ఆస్టిన్:
అది పాత మాట గురువుగారూ. 2025 జనవరి 1 నుంచి సొంత బండ్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు. రిజిస్ట్రేషన్‌తో పాటు 7.50 డాలర్లు మాత్రం కట్టించుకుంటున్నారు.

హ్యూస్టన్:
సరే, ఒప్పుకుంటాను. ఇప్పుడు చూసేవాడే లేడు కాబట్టి మరీ జాగ్రత్తగా ఉండాలి. గాలి విషయంలో మాత్రం నేను తగ్గను. టైరు మీద రాసిన గరిష్ఠం ఎంతుంటే అంత పెట్టు. తక్కువ గాలితో నడిపితే పక్క గోడ వేడెక్కి పోతుంది.

ఆస్టిన్:
బరువు తూయించకుండా గాలి మాట్లాడటం నాకు నచ్చదు. ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేలు (లారీలు తూచే కాటా) ఉంటుంది, సామాన్లు, నీళ్లు, మనుషులు అన్నీ ఎక్కించి తూయించు. అప్పుడే ఏ టైరు కావాలో తెలుస్తుంది. టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అక్షరాలుంటాయి. 225/75 ఆర్15 సైజులో డి రకం ఒక్కోటి 65 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర 2,540 పౌండ్లు మోస్తుంది, ఇ రకం 80 దగ్గర 2,830.

హ్యూస్టన్:
తూయించమనండి, నేను కాదన్నానా? తూయించాక కూడా గరిష్ఠమే పెట్టమంటున్నాను. ఉదయం బండి కదలకముందు, చల్లగా ఉన్నప్పుడు గేజితో చూడు. మధ్యాహ్నం పెరిగిందని గాలి తీయకు. మా నాన్న తాడేపల్లిగూడెం నుంచి బియ్యం లోడు లారీ నడిపేవారు, ఆగిన చోటల్లా ఇనుప రాడ్డుతో టైర్లు తట్టి శబ్దం వినేవారు. ఆ చెవి నాకు లేదు, నీకూ ఉండదు, గేజి ఒక్కటే దారి.

షార్లెట్:
ఇ రకం కొనే ముందు రిమ్ము వెనక అచ్చు చూడాలి. 65 వరకే అని ఉంటే 80 పెట్టకూడదు. 80 పెట్టేటట్టయితే వాల్వులు కూడా మామూలు రబ్బరువి కాకుండా లోహపువి వేయించాలి.

ఫ్రిస్కో, కొత్త సభ్యుడు:
అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం కిందకి దూరి చూశాను. మూడు టైర్లు 2218, గాలి దిగేది 0715. అది వేరే కంపెనీది కూడా. రిమ్ము మీద 65 అనే ఉంది. ఈ ఉదయం నీళ్లు నింపి తూయించాను, రెండు యాక్సిళ్ల మీదా కలిపి 6,840 పౌండ్లు. డి రకం నాలుగు చెప్పేద్దామనుకుంటున్నాను. రోడ్‌సైడ్ వాళ్లకి మెయిల్ పెట్టాను, ట్రైలర్ కవర్ అవుతుందో లేదో రాసి పంపమని.

శాన్ ఆంటోనియో:
మంచి పని చేశావు. స్పేర్ తేదీ చూశావా?

ఫ్రిస్కో, కొత్త సభ్యుడు:
కవరు తీసి ఇప్పుడే చూశాను అన్నయ్యా. అదీ 0715. ఐదు ఆర్డర్ పెడుతున్నాను. ట్రైలర్ నట్లకి సరిపోయే స్పానర్, రెండు చెక్కలు కూడా జాబితాలో రాసుకున్నాను.