సూర్యకాంతమ్మ గారు నాలుగు గీతల్లో వస్తారు, ఇప్పటి హీరోలు రారేం?

ఇంకుసీసా:
అందరికీ నమస్కారం. నేను బొమ్మలు ఎక్కడా నేర్చుకోలేదు. పగలంతా బ్యాంకులో పని, రాత్రి తొమ్మిది దాటాక పెన్ను పడతాను. రెండేళ్లుగా సినిమావాళ్ల క్యారికేచర్లు, అంటే పోలిక చెడకుండా ఏదో ఒకటి పెంచి వేసే బొమ్మలు, వేస్తున్నా. పాతవాళ్లు ఇట్టే వచ్చేస్తారు. రేలంగికి ఓ గుండ్రం చుడితే చాలు, రమణారెడ్డికి ఓ నిలువు గీత గీసి చేతులు తగిలిస్తే సరి. శోభన్ బాబు నుదుటి మీద రింగు ఒక్కటి వేసి మిగతా మొహం వదిలేసినా చెప్పేస్తారు. ఇప్పటివాళ్ల దగ్గరికొచ్చేసరికి పెన్ను మొరాయిస్తోంది. నిన్న ఒక హీరోని వేసి మా అబ్బాయికి చూపిస్తే నలుగురి పేర్లు చెప్పాడు, నాలుగూ తప్పే. అందరికీ అదే గడ్డం, అవే కండలు. తప్పు నా చేతిదా, వాళ్ల మొహాలదా? మీలో గీసేవాళ్లు, గీయించుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.

బొటనవేలు:
మొహాలదే బ్రో. ఆ నలుగురిలో ఇద్దరికి నిజంగానే ఒకడే జుట్టు కత్తిరిస్తాడేమో.

పాతడెస్కు:
ఇంకుసీసా గారూ, తప్పు ఫోటోది. మీరు నెట్‌లో దొరికిన స్టిల్ ముందు పెట్టుకుని గీస్తున్నారని నా అనుమానం. ఆ స్టిల్లో ముడతలు తీసేసి, దవడ చెక్కేసి, లైటింగ్‌తో ముక్కు కూడా సన్నం చేసేసి ఉంటారు. క్యారికేచర్‌కి కావలసిన సరుకంతా ముందే తుడిచేశాక మీకేం మిగిలింది?

నేను ఎనభైల్లో ఒక దినపత్రిక ఆర్ట్ సెక్షన్‌లో పనిచేశాను. ఇండియన్ ఇంకు, క్రోక్విల్ అనే సన్నటి నిబ్బు, రెండో నంబరు బ్రష్షు. అచ్చయ్యే సైజుకి రెట్టింపు గీసేవాళ్లం, కెమెరాలో తగ్గించేవాళ్లు. సన్నటి వెంట్రుక గీతలు తగ్గింపులో మాయమైపోయేవి. దగ్గరదగ్గరగా వేసిన హాచింగ్, అంటే నీడ కోసం వేసే పక్కపక్క గీతలు, న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పీల్చుకుని ఒకటే మచ్చ అయ్యేది. మొదటివారం నేను కళ్లకింద ముడతలు భలే వేశానని మురిసిపోయాను. పొద్దున పేపర్లో చూస్తే ఆయనకి ఎవరో రెండు కళ్లమీదా గుద్దినట్టుంది. అప్పట్నుంచి గీతలు తగ్గించుకున్నాను. పొదుపు కళాహృదయంతో వచ్చింది కాదండీ, అచ్చు మిషను నేర్పింది.

అప్పట్లో స్టిల్సు కూడా సరిగ్గా దొరికేవి కావు. మార్నింగ్ షోకి వెళ్లి, చీకట్లో మోకాలి మీద చిన్న నోట్‌బుక్ పెట్టుకుని, చూడకుండా గీకడమే. బయటికొచ్చి చూస్తే కోడి కెలికినట్టుండేది. కానీ ఆ కెలుకుళ్లలో మనిషి నిలబడే తీరు దొరికేది. మీరూ ఒకసారి ప్రయత్నించండి. సినిమా చూసి రండి, ఒక రాత్రి ఆగండి, ఫోటో ముట్టుకోకుండా వేయండి.

కత్తిరింపులు:
నాకు గీయడం రాదు, దాచడమే వచ్చు. నాన్నగారు పాత లెక్కల పుస్తకాల్లో మైదా పేస్టుతో అంటించిన సినిమా బొమ్మలు మూడు సంపుటాలున్నాయి మా ఇంట్లో. చాలావరకు విజయచిత్ర సినిమా పత్రిక, వారపత్రికలు, దినపత్రికల సినిమా పేజీలు. మైదా పుణ్యమా అని సగం పురుగులు తినేశాయి, అది వేరే కథ.

వాటిలో ఎన్టీఆర్ ఒక్కరికే నలభై పేజీలున్నాయి. 1982 మార్చికి ముందు అతికించినవాటిలో ఆయనంటే కిరీటం, భుజకీర్తులు, చేతిలో గదో విల్లో. మొహం దాదాపు ముద్దుగానే వేసేవారు. పార్టీ పెట్టాక ఖాకీ బట్టలు, రథం. 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యాక కాషాయం. సినిమా పేజీ నుంచి ఎడిటోరియల్ పేజీకి మారగానే ముక్కు పెరిగింది, గడ్డం కిందికి దిగింది! సినిమా పేజీ ఆర్టిస్టు అభిమానికి కోపం రాకుండా గీస్తాడు, రాజకీయ కార్టూనిస్టుకి ఆ మొహమాటం లేదు. నాన్నగారు మాత్రం రెండు రకాలూ ఒకే శ్రద్ధతో అంటించారు. ఆయన ఓటెటో ఇప్పటికీ మాకు తెలీదు.

గోరింటాకు:
సూర్యకాంతమ్మ గారి పేరు చూసి ఆగలేక రాస్తున్నా. నేను ఆవిణ్ణి వేయబోయి మూడు రోజులు కొట్టుకున్నాను. గుండ్రటి మొహం, ముక్కుపుడక, బొడ్లో దోపిన కొంగు, పైకెత్తిన చెయ్యి. అన్నీ ఉన్నాయి, ఆవిడే లేరు. ఎవరో గయ్యాళి అత్తగారు, అంతే.

పోలిక ఎక్కడ తప్పిందో చూద్దామని కాగితం తిప్పి కిటికీ అద్దానికి ఆనించాను. వెనకనుంచి చూస్తే తప్పులు తెలుస్తాయంటారు కదా. వెనకాల బట్టలు మడతపెడుతున్న అమ్మ తలెత్తి, "అయ్యో, సూర్యకాంతమ్మ! ఎంత బావుందే" అంది. తిప్పి అసలు వైపు చూపిస్తే "ఈవిడెవరు?" అంది.

ఆవిడది ఎడమచేతి వాటం. తెర మీద విసురంతా ఎడమచేత్తోనే. నేను కుడిచెయ్యి ఎత్తించాను. మొహంలో ఒక్క గీత కూడా మార్చలేదు, చెయ్యి మార్చానంతే.

పాతడెస్కు:
గోరింటాకు గారూ, నేను పేజీ నిండా రాసిందాన్ని మీరు ఒక్క చేత్తో చెప్పేశారు.

పెళ్లిబొమ్మలు:
నేను ఫంక్షన్లలో లైవ్ క్యారికేచర్లు వేస్తాను. సంగీత్‌లో, రిసెప్షన్‌లో ఓ మూల టేబుల్ వేసి కూర్చోబెడతారు. మనిషికి నాలుగు నిమిషాలు. ఐదో నిమిషం పట్టిందంటే క్యూలో ఎవరో చిన్నపిల్లాడు నా మార్కర్ తీసేసుకుంటాడు. ఇక్కడ సూత్రం వేరు: ముక్కు ముట్టుకోకూడదు, గడ్డం కింద రెండో మడత వేయకూడదు, బట్టతల అసలు కనపడకూడదు. జుట్టు, నవ్వు, కళ్లజోడు పెంచుకోవచ్చు, నగలు ఎంతయినా పెంచుకోవచ్చు. "నన్ను ఫలానా హీరోయిన్‌లా వేయండి" అని అడిగేవాళ్లు ప్రతి పెళ్లిలో ఓ పదిమంది. వేస్తాను. డబ్బులిచ్చేది వాళ్లే కదా. ఇస్తే. పోయినేడు ఒక ఈవెంట్ వాళ్లు నాతో ఐదు గంటలు గీయించి, పెళ్లికొడుకు మేనమామకి బొమ్మ నచ్చలేదని సగమే ఇచ్చారు. ఆయన చెవులు ఉన్నవి ఉన్నట్టే వేశాను, ఒట్టు.

సందేహం:
ఇంత కష్టమెందుకు? యాప్‌లో ఫోటో పెడితే తల పెద్దది, ఒళ్లు చిన్నది చేసి క్షణంలో ఇస్తోంది. అది క్యారికేచర్ కాదా?

బొటనవేలు:
ఎగ్జిబిషన్‌లో వంకర అద్దం అది. ఎవరు నిలబడ్డా ఒకేలా సాగదీస్తుంది.

నీలిగీత:
డిజిటల్ అంటే చిన్నచూపు చూడకండి మరి. నేను టాబ్లెట్ మీదే వేస్తాను. మన తెలుగు కార్టూనిస్టు పామర్తి శంకర్ గారికి 2014లో వరల్డ్ ప్రెస్ కార్టూన్ పోటీలో అన్నిటికన్నా పెద్ద బహుమతి, గ్రాండ్ ప్రి, వచ్చింది, నెల్సన్ మండేలా క్యారికేచర్‌కి. ఆ బొమ్మ పెద్దది చేసుకుని ఒక సాయంత్రమంతా చూశాను. యాప్ ఎందుకు చాలదో అప్పుడు అర్థమైంది.

ఇంకొకాయన, అమెరికాలో ఆల్ హిర్ష్‌ఫెల్డ్. న్యూయార్క్ నాటకాలవాళ్లనీ సినిమావాళ్లనీ దాదాపు 99 ఏళ్లు వచ్చేదాకా గీశారు. ఈయన కూడా పాతడెస్కు గారిలా థియేటర్ చీకట్లోనే గుర్తులు రాసుకునేవారట. 1945లో కూతురు పుట్టాక ఆ పిల్ల పేరు నీనా అని జుట్టులోనో, చొక్కా ముడతల్లోనో దాచడం మొదలెట్టారు. ఎన్ని చోట్ల దాచారో సంతకం పక్కన అంకె వేసేవారు. నేను ఒక బొమ్మలో నాలుగో నీనా కోసం అరగంట వెతికాను. అంతసేపు ఒక స్లీవు వంక చూస్తే, బట్ట ముడత ఎలా గీయాలో దానంతటదే వచ్చేసింది.

కత్తిరింపులు:
మరి బాపు గారిని ఎవరూ తలచుకోరేం?

పాతడెస్కు:
తలచుకుంటే ఈ చర్చ తెల్లారేదాకా సాగుతుందని ఆగాను. సినిమా తీసేముందే షాట్లన్నీ బొమ్మలుగా వేసుకునేవారు. ముత్యాల ముగ్గులో కాంట్రాక్టరు నిలబడే తీరు చూడండి. రావు గోపాలరావు గారు బాపు గీతలోకి నడిచి వెళ్లినట్టుంటుంది. మనం నటుణ్ణి చూసి బొమ్మ వేస్తాం, ఆయన బొమ్మ వేసి నటుణ్ణి నిలబెట్టేవారు. ఆయన్ని మనతో పోల్చకండి, నాకు నిద్ర పట్టదు.

ఇంకుసీసా:
పదకొండు రోజుల తర్వాత వస్తున్నా, క్షమించాలి. బ్యాంకులో క్వార్టర్ ఎండింగ్ లెక్కలు. పాతడెస్కు గారు చెప్పినట్టు సెకండ్ షో చూసి, ఒక రాత్రి ఆగి, ఫోటో లేకుండా అదే హీరోని వేశాను. గడ్డం వదిలేశాను. కండలు వదిలేశాను. డైలాగ్ చెప్పేముందు మెడ ఒక పక్కకి విరిచి, ఎడమ భుజం పైకి లాగుతాడు. అదొక్కటే పెంచాను. మా అబ్బాయికి చూపిస్తే హీరో పేరు చెప్పలేదు, సినిమా పేరు చెప్పాడు! ఏ సీనో కూడా చెప్పాడు. దీన్ని గెలుపు కింద వేసుకోవచ్చా? బొమ్మ జతచేశాను.

గోరింటాకు:
నేను హీరో పేరే చెప్పాను చూడగానే. గెలుపే.

పాతడెస్కు:
భుజం బావుంది. పెన్ను కూడా ఎక్కడా తడబడలేదు. కుడిచెవి మాత్రం మరీ పైకెక్కింది. కనుబొమ్మ దగ్గర మొదలెట్టి ముక్కు కొస దగ్గర ఆపండి. పెంచదలచుకుంటే ఆ తర్వాత పెంచండి. ఇంకా మీ అబ్బాయి నలుగురి పేర్లు చెప్పిన మొన్నటి బొమ్మ కూడా పెట్టండి, పక్కపక్కన చూద్దాం.