ఇంట్లో వాగుడుకాయ, బయట నోరు మెదపదు: పాపతో ఇంటి కబుర్లు చెప్పించేదెలా?

పాపాయి_అమ్మ:
అందరికీ నమస్తే. మా పాపకి నాలుగేళ్ళు దాటి కొన్ని నెలలైంది. ఇంట్లో ఉంటే నోటికి తాళం ఉండదు, పిల్లి దగ్గర కూర్చుని దానికి లోకంలో సంగతులన్నీ చెప్తుంది, బొమ్మల్ని వరసగా పెట్టి క్లాసు తీసుకుంటుంది. ప్రీస్కూల్ నుంచి తీసుకొస్తూ "ఈరోజు ఏం చేశావు తల్లీ" అంటే మాత్రం "ఏం చెయ్యలే". మళ్ళీ అడిగితే "ఆడుకున్నా". ఎవరితో అంటే "తెలీదు". అంతే, ఇంక కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది.

ఇప్పుడు సమస్యేంటంటే వచ్చే వారం క్లాసులో ఒక్కొక్కరూ ముందుకొచ్చి ఇంట్లో ఎవరెవరుంటారు, ఏం పెంచుకుంటున్నారు, సెలవుల్లో ఏం చేశారు అని చెప్పాలట. ప్రాక్టీస్ చేయిద్దామని కూర్చోబెడితే "అమ్మ, నాన్న, నానమ్మ, పిల్లి" అని గబగబా అనేసి లేచి పరిగెత్తింది. ఇంకోటి, ఎప్పుడు జరిగినా దీనికి "నిన్నే". పిల్లి కాలికి దెబ్బ తగిలి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి చాన్నాళ్ళయింది, అదీ నిన్నే. పైగా లేనిపోనివి కలిపేస్తుంది, పిల్లి డాక్టర్‌ని ఒక్కటి పీకిందట! ఇవన్నీ దిద్దాలా, వదిలెయ్యాలా? మా అత్తగారేమో నాలుగు వాక్యాలు రాసి బట్టీ పట్టించెయ్యమంటున్నారు. నాకు మనసొప్పట్లేదు, అలాగని వేరే దారీ తెలీట్లేదు. మీ పిల్లలతో ఎలా చెప్పించారో కాస్త చెప్పరూ.

చిన్నబడి_టీచర్:
అండీ, ఆ వయసు పిల్లల్ని అడిగే ప్రశ్నల్లో "ఈరోజు ఏం చేశావు" అనేదే అన్నిటికంటే కష్టమైంది. రోజంతా గుర్తు తెచ్చుకోవాలి, అందులో ఏది చెప్పాలో ఏరుకోవాలి, ఒక వరసలో పెట్టాలి, ఇవన్నీ ఇంటికొచ్చే దారిలో అలిసిపోయున్నప్పుడు చెయ్యాలి. మనల్ని ఆఫీసు నుంచి రాగానే అలా అడిగితే మనమూ "ఏముంది, మామూలే" అంటాం కదా.

నేను క్లాసులో చేసేది, ముందు నా సంగతే చెప్తాను. "పొద్దున నా చెప్పు తెగిపోయింది తెలుసా, ఒంటికాలి మీద గెంతుకుంటూ వచ్చా" అంటానా, అంతే, పది మంది ఒకేసారి "మా చెప్పు కూడా", "నేను కూడా పడ్డా", "మా కుక్క చెప్పు కొరికేసింది" అని మొదలుపెడతారు. ఇది నా సొంత తెలివి కాదులెండి. పిల్లలు సొంత అనుభవాలు ఎలా చెప్తారో చూసిన పీటర్సన్, మెక్‌కేబ్ అనే ఇద్దరు పరిశోధకులు కూడా ఇలాగే చేశారు, 1983లో వచ్చింది వాళ్ళ పని. ముందు తమకి జరిగింది చిన్నగా చెప్పి, తర్వాత "నీకెప్పుడైనా ఇలా అయిందా" అని అడిగి ఊరుకునేవాళ్ళు. దెబ్బలు, డాక్టర్లు, పురుగు కుట్టడం, ఇలాంటివైతే పిల్లలు భలే చెప్తారు. మీ పిల్లి కాలి దెబ్బ సంగతి సరిగ్గా అలాంటిదే, దాన్ని వదులుకోకండి.

ఇంకొకటి, అడిగాక ఆగాలి. మేరీ బడ్ రో అనే ఆవిడ 1970ల్లో క్లాసురూముల్లో గమనించి చెప్పింది, టీచర్లు ప్రశ్న వేసి సగటున ఒక్క సెకను కూడా సరిగ్గా ఆగరని, మూడు సెకన్లు ఆగితే చాలు పిల్లల జవాబులు పెద్దవవుతాయని. మూడు సెకన్లేగా అనుకుంటాం, ఆగి చూడండి తెలుస్తుంది, నోరు దురద పెట్టేస్తుంది.

బట్టీ వద్దండి. ఒక్క ముక్క మర్చిపోయినా పిల్ల అక్కడే ఆగిపోతుంది, ముందుకీ వెళ్ళదు వెనక్కీ రాదు. అదే చేతిలో ఒక ఫోటో ఉంటే దాన్ని చూస్తూ ఏదో ఒకటి చెప్తుంది. మీ టీచర్‌ని అడగండి ఫోటో తేవచ్చా అని, కాదనరు.

రామచిలుక:
టీచర్ గారితో నేను పూర్తిగా ఒప్పుకోను సారీ. మావాడు మహా సిగ్గరి, నలుగురిలో పేరు అడిగినా నా వెనక దాక్కునేవాడు, మేము మూడు వాక్యాలు నేర్పించి పంపాం, చక్కగా ఒప్పజెప్పాడు, అందరూ చప్పట్లు కొట్టారు, ఆ తర్వాత నుంచి కొంచెం ధైర్యం వచ్చింది. అన్నిటికీ పరిశోధన పరిశోధన అంటే ఎలా, కొంతమంది పిల్లలకి మొదటి మాట అందిస్తేనే నోరు తెరుస్తారు.

ఇద్దరు_పిల్లల_నాన్న:
@రామచిలుక మొదటి మాట అందించడం దాకా ఓకే అండి, "మా పిల్లి పేరు ఫలానా" అని ఒక్క వాక్యం వచ్చుంటే భయం తగ్గుతుంది నిజమే. కానీ ఒప్పజెప్పడం వేరు, జరిగింది చెప్పడం వేరు, రెండోది రావాలంటే ఇంట్లో రోజూ మాటల్లోనే రావాలి.

@పాపాయి_అమ్మ మేం పెద్దోడితో ఏం చేస్తామో రాస్తా చూడండి. స్నానం చేయించేటప్పుడో పడుకోబెట్టేటప్పుడో, ఎదురెదురుగా కూర్చుని ఇంటర్వ్యూలాగా కాదు, ఇద్దరికీ తెలిసిన సంగతి ఒకటి ఎత్తుకుంటాను. "మనం వానలో ఇరుక్కుపోయాం గుర్తుందా?" "ఊ." "గొడుగు ఏమైందబ్బా?" "తిరగబడింది!" "అవును, గాలికి ఫట్‌మని తిరగబడింది, నువ్వేమో నవ్వుతూనే ఉన్నావు, నేను నిలువునా తడిసిపోయా, అప్పుడు చెల్లి ఏం చేసింది?" "ఏడిచింది, బూటు పోయిందని." చూడండి, బూటు సంగతి నేను అడగలేదు, వాడే తెచ్చాడు. వాడు ఒక ముక్క చెప్తే దానికి నేనొక ముక్క అతికిస్తాను, మళ్ళీ వాడికి వదులుతాను. జవాబు రాకపోతే అదే ప్రశ్న తిప్పి తిప్పి అడగను, "గొడుగు ఏ రంగు? చెప్పు, ఏ రంగు?" అంటే అది పరీక్ష అయిపోతుంది, వాడికీ తెలుసు నాకు రంగు తెలుసని.

దీని మీద రీస్, హేడెన్, ఫైవుష్ అని ముగ్గురు 1993లో రాశారు, పిల్లలకి 40 నెలలప్పటి నుంచి 70 నెలల దాకా తల్లులు జరిగిపోయినవాటి గురించి వాళ్ళతో ఎలా మాట్లాడుతున్నారో చూశారు. కొంతమంది ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతారు, కొంతమంది ప్రతిసారీ ఏదో కొత్త వివరం కలుపుతారు. రెండో రకం వాళ్ళ పిల్లలు తర్వాత తర్వాత జ్ఞాపకాలు ఎక్కువ చెప్పగలిగారు. తల్లుల మీదే చేశారు, నాన్నలకీ వర్తిస్తుందని నేను తీర్పు ఇచ్చేసుకున్నా :)

పిల్లి గురించి "మా పిల్లి తెల్లగా ఉంటుంది, దానికి నాలుగు కాళ్ళు" టైపు వద్దు, అది వ్యాసం. "మీ పిల్లికి కోపం వస్తే ఏం చేస్తుంది? ఎక్కడ దాక్కుంటుంది? దాన్ని ఎవరు తిడతారు?" అని అడగండి, ఆ తిట్టేవాళ్ళ ద్వారా ఇంట్లోవాళ్ళు వరసగా బయటికొస్తారు. మా ఇంట్లో కుటుంబం గురించి మాట్లాడాలంటే కుక్క నుంచే మొదలుపెడతాం, అది ఎవరి మంచం కింద పడుకుంటుంది, ఎవరొస్తే తోకాడిస్తుంది, ఎవరొస్తే పారిపోతుంది (నేనే, స్నానం చేయించేది నేను కాబట్టి).

చుట్టరికాలు మాత్రం ఈ వయసులో తికమకే, తొందరపడకండి. నానమ్మ అంటే నాన్నకి అమ్మ అంటే మా చిన్నది "కాదు, నాన్నకి అమ్మ లేదు, నానమ్మ ఉంది" అని వాదన. పిల్లల ఆలోచన మీద పనిచేసిన పియాజే అనే మనస్తత్వవేత్త 1920ల్లోనే పిల్లల్ని ఇలాగే అడిగాడు, నీకు తమ్ముడున్నాడా అంటే ఉన్నాడంటారు, మరి మీ తమ్ముడికి అన్న ఉన్నాడా అంటే లేడంటారు. తమని తాము లెక్కలోకి తీసుకోరు. ఫోటో ఆల్బమ్ పెట్టుకుని "ఇది నాన్న చిన్నప్పుడు, ఎత్తుకున్నది ఎవరు?" అని చూపిస్తుంటే నెమ్మదిగా ఎక్కుతుంది.

పాపాయి_అమ్మ:
చాలా థాంక్సండీ అందరికీ. నిన్న రాత్రి నేనే ముందు "నా చిన్నప్పుడు నన్ను కుక్క తరిమింది" అని మొదలుపెట్టా, "ఎందుకు తరిమింది, నువ్వు ఏడ్చావా, అప్పుడు నేను ఎక్కడున్నా" అని ఒకటే ప్రశ్నలు, చివరికి తనే క్లాసులో ఎవరో కొరికారని బయటపెట్టింది, ఇన్నాళ్ళూ ఒక్క ముక్క చెప్పలేదు! అది సరదా కొరుకుడో దెబ్బలాటో తెలుసుకుందామని "ఎవరు, ఫలానా వాడేనా, కావాలనే కొరికాడా" అని అడగబోయి ఆపుకున్నా, ఎలా అడగాలో తెలీక.

ఇంకో డౌట్. మాకు ముందొక ముసలి కుక్క ఉండేది, పోయింది. ఇంట్లో ఎవరెవరున్నారంటే దాన్ని కూడా లెక్కపెడుతుంది, "అది మళ్ళీ ఎప్పుడొస్తుంది" అని కూడా అడుగుతుంది. క్లాసులో అదే చెప్తే మిగతా పిల్లలు నవ్వుతారేమో అని నా భయం.

మాట_ముచ్చట:
నేను స్పీచ్ థెరపిస్ట్‌ని, రెండు మూడు విషయాలు.

కొరికిన సంగతి దగ్గర ఆపుకోవడం మంచిదయింది. "ఫలానా వాడేనా" అని పేరు మనమే అందిస్తే చిన్న పిల్లలు చాలాసార్లు ఊ కొట్టేస్తారు, నాలుగుసార్లు అడిగితే అదే నిజమని నమ్మేస్తారు కూడా. "అవునా, అప్పుడేమైందో చెప్పు" అని వదిలెయ్యండి, చెప్పినంత వినండి, కావాలంటే టీచర్‌ని విడిగా అడగండి. సరదా కబుర్లలో మనం కొంచెం అందించినా పర్లేదు, దెబ్బలూ భయాలూ ఉన్నచోట మాత్రం వద్దు.

"నిన్న" గురించి బెంగ అక్కర్లేదు. ఆ వయసులో నిన్న అంటే అయిపోయిందని, రేపు అంటే ఇంకా కాలేదని, అంతే వాళ్ళ లెక్క. "కాదు, తప్పు" అనకుండా "అవును, వానలు పడుతున్నప్పుడు కదా దెబ్బ తగిలింది" అని ఇంకో గుర్తుతో కలిపి చెప్పండి. పిల్లి డాక్టర్‌ని పీకిందా, "నిజంగానా, లేక పీకితే బాగుండు అనిపించిందా?" అని నవ్వుతూ అడగండి, వాళ్ళే చెప్పేస్తారు. అబద్ధాలాడకు అంటే మాత్రం అక్కడితో కథ బంద్.

అసలు ఈ వయసుకి ఎంత రావాలి అంటే, అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన, ఏ వయసుకి ఏమేం రావాలో చెప్పే పట్టికలో నాలుగేళ్ళకి, రోజులో జరిగినవాటిలో కనీసం ఒక్కటి చెప్పగలగాలి అని ఉంది, "నేను బంతి ఆడా" అంటే చాలు. రెండు సంఘటనలైనా ఉన్న కథ చెప్పడం ఐదేళ్ళ పట్టికలో వస్తుంది. నాలుగేళ్ళ పిల్లల కథలు మామూలుగానే కుప్పిగంతులు వేస్తాయి, మధ్యలో ముక్కలు ఎగరగొట్టి అటు నుంచి ఇటు దూకుతాయి. మీ పాప పిల్లికి చెప్పే కబుర్లు వింటే నాకు మాటల లోపం ఏమీ కనిపించట్లేదు. ఒక్కటి గమనించండి, బడిలో అసలు ఎవరితోనూ, ఆటలో కూడా, నెలల తరబడి మాట్లాడకపోతే అది వట్టి సిగ్గు కాకపోవచ్చు. ఇంట్లో మాట్లాడుతూ బయట మాత్రం మాట పెగలని పరిస్థితి ఒకటుంది, సెలెక్టివ్ మ్యూటిజం అంటారు, నెల దాటి అలాగే ఉంటేనే లెక్క, బడిలో చేరిన మొదటి నెల ఆ లెక్కలోకి రాదు. అలా ఉంటే మాత్రం నిపుణులకి చూపించండి, అందరి ముందూ బలవంతంగా నిలబెట్టడం అస్సలు చెయ్యకండి.

కుక్క సంగతి. "నిద్రపోయింది", "ఊరెళ్ళింది" అని చెప్పుంటే తనింకా ఎదురుచూస్తుంది, నిద్రంటే భయపడే పిల్లలు కూడా ఉన్నారు. చనిపోయింది, దాని ఒళ్ళు పనిచెయ్యడం ఆగిపోయింది, తిరిగి రాదు, అని సూటిగా చెప్పండి. ఒకసారికి ఎక్కదు, చావంటే తిరిగి రానిదని ఆ వయసులో సరిగా అర్థం కాదు, మళ్ళీ మళ్ళీ అడుగుతుంది, మళ్ళీ అదే చెప్పండి. క్లాసులో ఆ కుక్క గురించి చెప్తానంటే చెప్పనివ్వండి, టీచర్‌కి మాత్రం ముందే ఒక మాట వెయ్యండి.

చిన్నబడి_టీచర్:
అవును, ముందే చెప్తే మాకు చాలా సాయం. ఈ టాపిక్ పెట్టినప్పుడు నాకెప్పుడూ ఉండే భయం కూడా అదే, కొంతమంది ఇళ్ళల్లో అమ్మ ఒక్కతే ఉంటుంది, కొంతమంది తాతయ్య దగ్గర పెరుగుతారు, "మీ అమ్మానాన్నల గురించి చెప్పు" అంటే ఆ పిల్ల గొంతులో పడిపోతుంది మాట. అందుకే నేను "నీతో ఎవరుంటారు, నిన్నెవరు నిద్రపుచ్చుతారు" అనే అడుగుతా. పెంపుడు జంతువు లేనివాళ్ళు గోడ మీద బల్లి గురించి చెప్తారు, అదీ బానే ఉంటుంది.

@పాపాయి_అమ్మ ఫోటో తనని ఎంచుకోనివ్వండి, అందంగా వచ్చింది మీరు ఎంచకండి. ఆ రోజు ఇంటికొచ్చాక "బాగా చెప్పావా, అందరూ చప్పట్లు కొట్టారా" అని అడక్కుండా "ఎవరింట్లో ఏం జంతువుంది" అని అడిగి చూడండి, మిగతా పిల్లలందరి గుట్టూ బయటపడుతుంది.

రామచిలుక:
బల్లి మావాడిదే అయ్యుంటుంది 😄 దానికి పేరు కూడా పెట్టాడు.