కారు పాలిష్ చేసేటప్పుడు వంపుల దగ్గర ప్యాడ్ తిరగడం ఆగిపోతోంది: పాలిషర్ మార్చాలా, ప్యాడ్లు మార్చాలా?

ప్రశ్న (హైదరాబాద్ నుంచి)

అందరికీ నమస్కారం. నా దగ్గర 2019లో కొన్న నల్ల హ్యాచ్‌బ్యాక్ ఉంది. నల్ల కారు ఉన్నవారికి ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడిచే అతను రోజూ తెల్లవారకముందే ఒకే బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో వరసగా పది కార్లు తుడుస్తాడు. ఆ గుడ్డలో చిక్కుకున్న ఇసుకే నా కారు నిండా సాలెగూడు లాంటి గీతలు పెట్టిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. మిట్టమధ్యాహ్నం బానెట్ మీద సూర్యుడి ప్రతిబింబం చుట్టూ ఆ గీతలన్నీ వలయాలుగా కనిపిస్తాయి.

ఈ గీతలు తీయడానికి రెండేళ్ల కిందట 8 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ అటూ ఇటూ ఊగే వెడల్పు) ఉన్న సాధారణ డీఏ పాలిషర్ (డ్యూయల్ యాక్షన్, అంటే ప్యాడ్ ఊగుతూ తిరిగే యంత్రం) ఒకటి కొన్నాను. దానితోపాటు 150 మిల్లీమీటర్ల బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్‌ను అంటించే గుండ్రటి పలక) వచ్చింది. బానెట్, రూఫ్ మీద పని బాగానే జరిగింది. కానీ తలుపుల మీద పొడవునా ఉన్న మడత దగ్గర, బంపర్ మూలల్లో, అద్దాల కింది సన్నని భాగంలో ప్యాడ్ తిరగడం మానేసి ఊరికే వణుకుతోంది. గట్టిగా నొక్కితే ఇంకా త్వరగా ఆగిపోతోంది. 25,000 రూపాయల వరకు ఖర్చు పెట్టగలను. 15 లేదా 21 మిల్లీమీటర్ల త్రో ఉన్న యంత్రానికి మారితే ఈ సమస్య తీరుతుందా, లేక ప్యాడ్ ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ తీసుకోవడమే మేలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (విజయవాడ, ఈ పనే వృత్తిగా చేస్తున్నాను)

మీరు అడిగిన దానికి నేరుగా చెప్పాలంటే, త్రో పెంచితే మీ సమస్య తీరదు, వంపుల దగ్గర ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ. డీఏలో మోటారు ప్యాడ్‌ను నేరుగా తిప్పదు. మోటారు తిప్పేది కేంద్రానికి కొంచెం పక్కగా అమర్చిన ఇరుసును. ప్యాడ్ ఆ ఇరుసు మీద బేరింగులో స్వేచ్ఛగా ఉండి, ఆ ఊపుకు తనంతట తాను తిరుగుతుంది. అందుకే ప్యాడ్ ఒక అంచు మీద ఒరిగినా, చేతి బరువు ఎక్కువైనా ఆ స్వేచ్ఛా భ్రమణం ఆగిపోయి కంపనం మాత్రమే మిగులుతుంది, కంపనంతో గీతలు పోవు. 15, 21 మిల్లీమీటర్ల యంత్రాలు వెడల్పైన చదునైన ప్యానెళ్ల మీద ఎంతో హాయిగా పనిచేస్తాయి, వేగంగా చేస్తాయి, ముగింపు కూడా నున్నగా వస్తుంది. ఇటలీకి చెందిన రూపెస్ వారి ఎల్‌హెచ్‌ఆర్ 15, ఎల్‌హెచ్‌ఆర్ 21 అనే పేర్లలోని అంకెలు ఆ త్రో కొలతలే. పెద్ద ఎస్‌యూవీలు రోజూ చేసేవారికి 21 అక్కరకొస్తుంది; మడతలు, సన్నని పట్టీలు నిండిన మీ హ్యాచ్‌బ్యాక్‌కు నేనైతే దాన్ని సూచించను.

ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. బ్యాకింగ్ ప్లేట్ అంచు మీద నల్ల మార్కర్‌తో నిలువుగా ఒక గీత గీసి, యంత్రాన్ని ప్యానెల్ మీద ఆనించి నడపండి. గీత గుండ్రంగా తిరుగుతూ కనబడితే ప్యాడ్ పనిచేస్తున్నట్టే. ఒకేచోట నిలబడి వణుకుతుంటే మీ శ్రమ వృథా అవుతున్నట్టే. ఆ గీతను చూస్తూ చెయ్యి ఎంత బరువు వెయ్యాలో, యంత్రాన్ని ఎంత చదునుగా పట్టుకోవాలో మీకే తెలిసిపోతుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకు మొదటి వారం నేను నేర్పేది ఇదొక్కటే.

ఆ తర్వాత 150 ప్లేట్ తీసి 125 మిల్లీమీటర్ల ప్లేట్ వేయండి. అయితే డీఏలో ఆ ఊపును సరిచేసే తూకపు దిమ్మ ఒకటి లోపల ఉంటుంది, అది ఫలానా పరిమాణం ప్యాడ్‌కు సరిపోయేలా తయారై ఉంటుంది కనుక, మీ యంత్రం తయారీదారు 125కు అనుమతి ఇచ్చారో లేదో కరపత్రంలో చూసుకోండి. లేకపోతే చేతులు తిమ్మిరెక్కేంత కంపనం వస్తుంది. మందమైన స్పాంజి ప్యాడ్ 8 మిల్లీమీటర్ల కదలికలో చాలా భాగాన్ని తనలోనే మింగేస్తుంది, అందువల్ల పలుచని ప్యాడ్లు కొనండి. కారు మొత్తానికి ఒక్క ప్యాడ్ వాడేవారిని ఎందరినో చూశాను. కాంపౌండ్‌తో (గీతలు తీసే పాలిష్ ముద్దతో) తడిసి, ఊడివచ్చిన పెయింట్ పొడితో నిండి, వేడెక్కిన ప్యాడ్ ఏ యంత్రానికి తగిలించినా గీతలను కోయదు. కనీసం ఆరు ప్యాడ్లు ఉంచుకుని, ఒక్కో ప్యానెల్ కాగానే బ్రష్‌తో శుభ్రం చేయండి. రెండడుగుల చదరానికి నాలుగైదు చుక్కల కాంపౌండ్ చాలు, చెయ్యి సెకనుకు సుమారు ఒక అంగుళం చొప్పున నెమ్మదిగా కదలాలి.

సమాధానం 2 (అమెరికా, టెక్సస్ నుంచి)

పైన చెప్పిన దానితో ఏకీభవిస్తూనే ఇంకో దారి కూడా ఉందని చెప్పదలచాను. గేర్లతో ప్యాడ్‌ను బలవంతంగా తిప్పే డీఏలు ఉన్నాయి; జర్మనీకి చెందిన ఫ్లెక్స్ వారి ఎక్స్‌సీ 3401 ఆ కోవలోనిదే, దాని త్రో కూడా 8 మిల్లీమీటర్లే. మీరు ఎంత నొక్కినా, వంపు ఎంత ఉన్నా ప్యాడ్ ఆగదు. నేను కొన్నేళ్లుగా అలాంటి యంత్రమే వాడుతున్నాను. అయితే అది చేతిలో ఒకవైపుకు లాగుతుంది, మామూలు డీఏ కంటే ఎక్కువ వేడి పుట్టిస్తుంది, ఆగదు కనుకనే అంచుల దగ్గర మరింత జాగ్రత్త కావాలి.

ఇంకొక ముఖ్య విషయం. ఇక్కడ తక్కువ ధరకు దొరికిందని బంధువుల చేత తెప్పించుకోవాలనుకుంటే వోల్టేజీ చూసుకోకుండా ఆ పని చేయకండి. ఇక్కడి యంత్రాలు 120 వోల్టులవి, మన దగ్గర ప్లగ్‌లో వచ్చేది 230. మా బావమరిదికి నేనే ఒకటి పంపి, ట్రాన్స్‌ఫార్మర్ సంగతి ఫోన్‌లో చెప్పడం మరచిపోయాను. అతను ప్లగ్ పిన్నులకు అడాప్టర్ ఒక్కటి తగిలించి స్విచ్ వేశాడట. యంత్రం మామూలుకు మించిన వేగంతో అరిచి, గాలి రంధ్రాల్లోంచి పొగ వచ్చి, రెండు మూడు సెకన్లలో శాశ్వతంగా ఆగిపోయింది. తప్పు పూర్తిగా నాదే. యంత్రం వాటేజీ కంటే గణనీయంగా ఎక్కువ సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, దాని బరువు, ధర కలుపుకుంటే అక్కడే కొనడం మేలు.

సమాధానం 3 (వరంగల్ నుంచి)

రోటరీ గురించి అడిగారు కనుక నాకు జరిగింది చెబుతాను. మా ఎర్ర కారుకు తొందరగా మెరుపు రావాలని, చేయి తిరగకముందే రోటరీ పట్టుకున్నాను. రోటరీలో ప్యాడ్ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతుంది, కనుక కోత ఎక్కువ, వేడి అంతా ఒకేచోట చేరుతుంది. వెనక తలుపు అంచు దగ్గర ఒక్క క్షణం ఎక్కువసేపు నిలిపాను. అప్పటిదాకా తెల్లగా ఉన్న ప్యాడ్ మీద ఎర్రటి చార ఒకటి కనిపించింది. కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొర, అంటే క్లియర్ కోట్‌కు రంగు ఉండదు. ప్యాడ్‌కు రంగు అంటుకుందంటే ఆ పొర దాటి కింది రంగులోకి దిగిపోయామని అర్థం. తలుపు మొత్తం మళ్లీ పెయింట్ వేయించాల్సి వచ్చింది, ఇప్పటికీ ఉదయపు వెలుతురులో పక్క ప్యానెల్‌తో ఛాయ కలవదు.

ఫ్యాక్టరీ పెయింట్ పొరలన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటాయి, అందులో క్లియర్ కోట్ దాదాపు 40 నుంచి 50. మన తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుందంటే మన చేతిలో ఎంత తక్కువ ఉందో ఊహించుకోండి. అంచుల దగ్గర, మడతల శిఖరాల మీద ఆ పొర ఇంకా పలుచన. అందుకే మడత మీద మాస్కింగ్ టేపు అంటించి దాని ఇరువైపులా చేసుకోండి. మందం కొలిచే మీటరు దొరికితే అరువైనా తెచ్చుకోండి. ఏ ప్యానెల్‌లోనైనా 250 దాటి చూపిస్తే అక్కడ అంతకుముందే మళ్లీ పెయింట్ వేశారని అనుమానించాలి. మామూలు మీటరు లోహం మీదే పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపర్ మీద ఏమీ చూపించదు, కాబట్టి బంపర్ మూలల్లో రెట్టింపు జాగ్రత్త అవసరం.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నా యంత్రం కరపత్రంలో 125 ప్లేట్‌కు అనుమతి ఉంది. ప్లేట్, నాలుగు పలుచని ప్యాడ్లు కొని, మార్కర్ గీత గీసి, ఆదివారం ఉదయం ఎండ రాకముందే సెల్లార్‌లో ఒక్క తలుపు మీద ప్రయత్నించాను. మడతకు పైన, కింద గీత చక్కగా తిరిగింది, ఇన్నాళ్లూ నేను అవసరానికి రెండింతలు నొక్కుతున్నానని అర్థమైంది. ఆల్కహాల్‌తో తుడిచి టార్చి వేసి చూస్తే సాలెగూడు గీతల్లో చాలా భాగం పోయాయి, గోరుకు తగిలేంత లోతైనవి మిగిలాయి. మడతను ఆనుకుని ఉన్న వేలెడు వెడల్పులోనూ, అద్దం కింది పట్టీలోనూ మాత్రం ప్యాడ్ ఇప్పటికీ ఆగిపోతోంది. దీనికి ఏం చేయాలి?

సమాధానం 1

అక్కడ ఏ పెద్ద ప్యాడ్ అయినా అంతే చేస్తుంది. మీ డబ్బును ఇప్పుడు 75 మిల్లీమీటర్ల ప్లేట్ ఉన్న చిన్న డీఏ మీద పెట్టండి. పెద్ద పనులకు మీ పాత యంత్రమే సరిపోతుంది. గోరుకు తగిలే గీతలను మాత్రం పూర్తిగా తీయాలని పట్టుబట్టకండి, ఆ లోతుకు దిగితే క్లియర్ కోట్ మిగలదు. కార్లు తుడిచే అతనితో ఈ రోజే మాట్లాడి, మీ కారును ఆ ఇసుక గుడ్డతో ముట్టుకోవద్దని చెప్పండి. రెండు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డలు, వేరే బకెట్ మీరే ఇచ్చి, ముందు నీళ్లు పోసి దుమ్ము జారిన తర్వాతే తుడవమనండి.