గూట్లోంచి పడిన పక్షిపిల్లను ముట్టుకోవచ్చా?

ప్రశ్న: మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి దగ్గరికి రానివ్వదని, వాసన పట్టి వదిలేస్తుందని పెద్దలంటారు. మరి పిల్ల నేల మీద కనిపిస్తే ఎత్తి గూట్లో పెట్టాలా, వదిలేయాలా?

పికిలి: వాసన మాట ఒట్టిది. పక్షుల్ని తర్వాత గుర్తుపట్టడానికి కాళ్లకు రింగులు వేసే పరిశోధకులు పిల్లల్ని గూట్లోంచి తీసి, తూచి, రింగు తొడిగి మళ్లీ పెడతారు. తల్లులు వచ్చి మేపుతూనే ఉంటాయి. అసలు పక్షులకు వాసనే తెలియదు కదా.

తీతువు: మొదటి మాట ఒప్పుకుంటాను, చివరిది తప్పండీ. టర్కీ రాబందు మేతను వాసన బట్టి పసిగడుతుందని పక్షిశాస్త్రవేత్త కెన్నెత్ స్టేగర్ 1964లోనే చూపించాడు. న్యూజిలాండ్‌లోని ఎగరలేని పక్షి కివికి ముక్కుపుటాలు ముక్కు చివరే ఉంటాయి, మట్టిలో పురుగును వాసనతో వెతుక్కుంటుంది. పిట్టలకు వాసన తెలుస్తుంది, పిల్ల విషయంలో దాన్ని పట్టించుకోవంతే.

అయినా పెద్దల మాటను పూర్తిగా కొట్టిపారేయను. గుడ్లు పెట్టే రోజుల్లో, పొదగడం మొదలైన కొత్తలో గూటిని కదిపితే చాలా పక్షులు వదిలేసి పోతాయి. బెదురే కారణం, వాసన కాదు. ఎగరబోయే వయసు పిల్లల గూట్లో చెయ్యి పెట్టినా ముప్పే, భయపడి ముందుగానే దూకేస్తాయి.

గడ్డిపరక: గూట్లో జాగ్రత్తగా పెట్టినా తల్లి మేపదు, పిల్ల చచ్చిపోతుంది. చాలామంది చెప్పేదే ఇది. దానికేమంటారు?

పికిలి: చల్లబడ్డ పిల్లను అలాగే పెట్టేసి ఉంటారు. తల్లి మేపేది తెరిచిన నోటిని చూసి. చలికి బిగుసుకున్న పిల్ల మెడ ఎత్తదు, నోరు తెరవదు, పక్కనున్న పిల్లే మొత్తం మింగేస్తుంది. నింద మాత్రం మన చేతి వాసన మీద పడుతుంది! ముందు అరచేతిలో పెట్టుకుని చూడండి. మన చర్మం కన్నా చల్లగా అనిపిస్తే గోరువెచ్చని నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టాలి. కదలిక వచ్చాకే గూట్లోకి. చల్లగా ఉన్నప్పుడు మేత పెట్టకూడదు, అరగదు. నోట్లో నీటి చుక్కలు వేయడం ఇంకా ప్రమాదం. గాలిగొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది, నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పాలు అసలు వద్దు.

తీతువు: ఇదంతా ఈకలు రాని పిల్ల సంగతి. జనం ఎక్కువగా "కాపాడేది" పొట్టి తోకతో, ఒళ్లంతా ఈకలతో గెంతుతూ తిరిగే పిల్లను. అది పడిపోలేదు, గూడు దిగింది. వేలు అందిస్తే గట్టిగా పట్టుకుని నిలబడిందా, ఆ వయసే. తల్లిదండ్రులు నేల మీదే మేపుతాయి. రోడ్డు మీద ఉంటే పక్క పొదలోకి మార్చండి, చాలు. ఇంటికి తీసుకుపోతే అది రక్షణ కాదు, ఎత్తుకుపోవడమే.

గడ్డిపరక: తల్లి వస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? గంటసేపు చూసినా రాలేదంటారు.

పికిలి: చెట్టు కిందే నిలబడితే ఎలా వస్తుంది! కనీసం పాతిక మీటర్లు వెనక్కి రండి, లేదా కిటికీ చాటు నుంచి చూడండి. కళ్లు తెరవని పిల్లలకు గంటలో చాలాసార్లు మేత వస్తుంది. పావురాలకు ఈ లెక్క పనికిరాదు, అవి చాలా అరుదుగా మేపుతాయి.

కొంగముక్కు: అందరూ ఒకటి మరిచిపోతున్నారు. కొంగల గూళ్లలో పెద్దపిల్లలు చిన్నదాన్ని పొడిచి తోసేస్తుంటాయి. మీరు మళ్లీ పైకి ఎక్కించినా మళ్లీ కిందికే. అక్కడ నేను వదిలేయమనే అంటాను.

తీతువు: కొంగల వరకు సరే. గోరింక, పిచ్చుక పిల్లలకు అది వర్తించదు, వాటి గూడు చాలాసార్లు గాలికో పిల్లికో చెదురుతుంది. పిల్లి నోట పడినది మాత్రం గాయం కనిపించకపోయినా పశువైద్యుడికి చూపించాలి. పంటి గాటు సూదిమొనంత ఉన్నా అందులోంచి వెళ్లే బ్యాక్టీరియా ఒకట్రెండు రోజుల్లో చంపేస్తుంది.

గూడే ఊడిపోతే అడుగున చిల్లులు పెట్టిన చిన్న బుట్ట చాలు. తల్లి అంచు మీద వాలి లోపలికి వంగేంత లోతే ఉండాలి. పాత గూటికి వీలైనంత దగ్గరగా, నీడలో కట్టండి.

గడ్డిపరక: బుట్టలో పచ్చగడ్డి వేయొచ్చా?

పికిలి: వద్దు, తేమకి పిల్ల చల్లబడుతుంది. ఎండుగడ్డి వేయండి.